అలాగేనండి

పాలు అంచు దాకా వచ్చేసరికి తాతాజీ మంట తగ్గించాడు. గరిటెతో కింది నుంచి పైకి ఒకసారి తిప్పి, టీ పొడి, దంచిన అల్లం వేసి, మళ్ళీ మంట పెంచి పొంగనిచ్చాడు. వడకట్టే గుడ్డను గరిటెతో అదుముతున్నప్పుడు అతని కుడిచేతి వేళ్ళు చివర్ల దగ్గర లోపలికి వంగి ఉన్నాయి. ఊహ తెలిసిన నాటి నుంచి మగ్గం మీద పనిచేసిన వేళ్ళు అవి. పూర్తిగా చాచమంటే చాచుకోవు. గ్లాసు పట్టుకోవడానికి మాత్రం సరిపోతాయి.

కొట్టు ముందు నలుగురైదుగురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. తెల్లవారుజామున రైలు దిగినవాళ్ళు. తండ్రికో తల్లికో పిండం పెట్టుకోవడానికి పిఠాపురం వచ్చినవాళ్ళు. గుడి దగ్గర వాళ్ళ పని మొదలవడానికి ఇంకా వేళ ఉంది. గ్లాసులు అందుకుని, రోడ్డు వైపు చూస్తూ తాగారు. ఒకాయన ఖాళీ గ్లాసు తిరిగి ఇస్తూ ఏమీ అనకుండా తల ఊపి వెళ్ళిపోయాడు. రోజు మొత్తంలో తాతాజీకి ఈ వేళంటేనే ఇష్టం. పోయినవాళ్ళ కోసం వచ్చినవాళ్ళు టీలో పంచదార గురించి మాట్లాడరు.

ఎదురింటి మేడ మీద ఎండ పడే వేళకు వీర్రాజు గారు వచ్చారు. ఆయన మండలాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. తెల్ల లాల్చీ, చేతిలో మడత పెట్టిన పేపరు. బల్లను చేతిరుమాలుతో తుడిచి, గోడవైపు కూర్చుని, కొట్టంతా ఒకసారి కలయజూస్తారు. ఆ చూపు పూర్తయ్యాక ఆయన ఏదో ఒకటి చెబుతారని తాతాజీకి తెలుసు.

ఉగాది వెళ్ళాక కొట్టు తెరిచిన కొత్తలో, పొయ్యి ఆగ్నేయంలో లేదన్నది ఆయనే. తాతాజీ పొయ్యిని లోపలి మూలకు మార్చాడు. ఆవిరంతా బల్లల మీదికి కొట్టింది. పొయ్యి కంటికి కనపడకపోతే మనిషి లోపలికి ఎలా వస్తాడని ఆటోవాళ్ళు అన్నారు. మళ్ళీ ముందుకు తెచ్చాడు. నీలం బోర్డు ఎవరికీ ఆనడం లేదని ఒకరంటే ఎర్రది వేయించాడు. గుడికి పోయే దారిలో ఎరుపేమిటని ఇంకొకరంటే పసుపు అంచు దిద్దించాడు. కాగితం గ్లాసులు పెట్టమన్నారు, తీసెయ్యమన్నారు. బెల్లం టీ పెట్టమంటే పెట్టాడు, పాలు విరిగిపోయాయి. ఎవరు ఏం చెప్పినా తాతాజీ కళ్ళు కొంచెం దించి, తల కొంచెం వంచి, "అలాగేనండి" అనేవాడు. ఎదుటివాళ్ళను వదిలించుకోవడానికి అనే మాట కాదది. చెప్పినదల్లా నిజంగానే చేసేవాడు.

ఈ రోజు వీర్రాజు గారు అల్లం సంగతి ఎత్తారు. అల్లం పైత్యం చేస్తుందట. గుడికి వచ్చేవాళ్ళకు యాలకులే మర్యాదట. సామర్లకోటలో ఆయనకు తెలిసినవాడొకడు ఒక్క యాలకులతోనే పైకొచ్చాడట.

"అలాగేనండి," అన్నాడు తాతాజీ.

తర్వాతి విడత యాలకులతో పెట్టాడు. ఒక ఆటో కుర్రాడు గుక్క తాగి, పాయసంలా ఉందని, అల్లం లేకపోతే తనకి కళ్ళు తెరుచుకోవని అన్నాడు. తన కూతురి వయసుండే ఆ కుర్రాడితో కూడా తాతాజీ అలాగేనండి అనే అన్నాడు. రెండో గిన్నె తీసి, అల్లం దంచడం మొదలుపెట్టాడు.

ఆ మాట అతనికి మగ్గం దగ్గర అలవాటైంది. ఉప్పాడలో సముద్రానికి దగ్గరగా ఉండేది వాళ్ళ ఇల్లు. ముందుగదిలో గుంట మగ్గం. గుంటలో కాళ్ళు పెట్టుకుని అతనూ, ఎడమ పక్కన భార్య నూకరత్నమూ కూర్చుని జాందానీ చీరలు నేసేవాళ్ళు. రంగు షావుకారు చెప్పేవాడు. బుటా షావుకారు చెప్పేవాడు. మామిడి పిందె అంటే మామిడి పిందె, నెమలి అంటే నెమలి. సగం నేశాక అంచు మార్చమంటే విప్పి మార్చేవాడు. ఇన్నేళ్ళలో తనకు నచ్చిన రంగులో ఒక్క చీరా నెయ్యలేదు. ఏ రంగు నచ్చుతుందని ఎవరూ అడగనూ లేదు.

సముద్రం మొదట కొబ్బరిచెట్ల వరుస తీసుకుంది. తర్వాత పక్కింటివాళ్ళ పెరడు, ఆ తర్వాత వాళ్ళ ఇల్లు. ఒక తుఫాను పోయాక చూస్తే తాతాజీ వెనకగోడ లేదు, మగ్గం గుంటలో ఉప్పునీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళు తోడి మళ్ళీ కూర్చున్నాడు కానీ గుంటలో మర్నాటికే మళ్ళీ నీళ్ళు ఊరాయి. వెళ్ళిపోదామని నూకరత్నం అంది. అలాగేనన్నాడు. పిఠాపురంలో ఒక వాటా అద్దెకు తీసుకున్నారు. ఇంకొకరి మగ్గం మీద కూర్చుందామంటే అప్పటికే అతని చూపు మందగించింది, సన్నపోగు ఆనడం లేదు. టీ కొట్టు పెట్టమని బావమరిది అన్నాడు. దానికీ అదే జవాబు.

ఇల్లు వదిలి వస్తున్న రోజు ఆటోలో నూకరత్నం అడిగింది, నిజంగా మీకు రావాలని ఉందా అని. అతను సముద్రం వైపు చూస్తూ, "నీకు మంచిదనిపించింది కదా," అన్నాడు. ఆ మాట ఆమె లోపల ముల్లులా ఉండిపోయింది. అక్కడే ఉండాలని ఉన్న మనిషిని తాను లాక్కొచ్చిందేమో ఆమెకు తెలియలేదు. తెలుసుకునే దారీ కనపడలేదు.

పొద్దెక్కాక తాతాజీ పాల క్యాను లోపలికి జరపబోయి ఆగిపోయాడు. ఒక చెయ్యి గుమ్మానికి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. పడమటి ముఖం కొట్టు కాబట్టి అక్కడ ఇంకా నీడే. అయినా అతని చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయింది. పక్కనే పూలు అమ్మే మహాలక్ష్మమ్మ అది చూసింది. ఆమె వయసులో పెద్దది, భర్త పోయి చాలా ఏళ్ళయింది. కడుతున్న మాల ఒళ్ళో పెట్టుకుని ఇటు తిరిగింది.

"తమ్ముడూ, ఆ చెమట మంచిది కాదు. మా ఆయనకీ ఇలాగే పట్టింది. ఇవాళే వెళ్ళి డాక్టరు గారికి చూపించుకో."

"అలాగేనండి."

"ఇవాళే."

"అలాగేనండి అక్కా."

యాలకులకు ఊపినట్టే తల ఊపాడు. ఆమె ఇంకా ఏదో అనబోయింది కానీ మాలల కోసం ఒక కుటుంబం కారు దిగింది. కొట్టుకు నిమ్మకాయ కట్టమన్నదీ, గుమ్మం దగ్గర లైటు పెట్టమన్నదీ కూడా ఆమే. ఈ మాట కూడా వెళ్ళి వాటి పక్కన చేరింది. తాతాజీ మొహం కడుక్కుని, పాల క్యాను నెమ్మదిగా జరిపాడు.

మధ్యాహ్నం నూకరత్నం క్యారేజీ తెచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. వచ్చీ రావడంతోనే పొయ్యి మీది రెండు గిన్నెలు చూసింది. ఇది దేనికి, అది దేనికి అని అడిగి తెలుసుకుంది. అన్నం వడ్డించింది. అతను నాలుగు ముద్దలు తిని చెయ్యి తీసేశాడు. ఎందుకు తినలేదంటే ఆకలి లేదన్నాడు. గుమ్మం దగ్గర ఆగిపోయిన సంగతి, చెమట సంగతి చెప్పలేదు.

నూకరత్నం గిన్నెలు మూస్తూ మూస్తూ ఆగింది.

"వాళ్ళు చెప్పారు, వీళ్ళు చెప్పారు అంటారు. మీకేం కావాలో ఒక్కసారి చెప్పండి. పైవాళ్ళకి కాదు, నాకైనా."

తాతాజీ దాన్ని తిట్టుగా తీసుకోలేదు. నిజంగానే ఆలోచించాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి కదే," అన్నాడు చివరికి.

ఆమె మొహం అటు తిప్పుకుని గ్లాసులు కడగడానికి కూర్చుంది. రోజూ ఇంటికి వెళ్ళి సాయంత్రం వచ్చే మనిషి ఆ రోజు ఎందుకో వెళ్ళలేదు.

మూడు జాములు దాటాక ఆషాఢమాసపు గాలి మొదలైంది. పడమటి నుంచి వీధి దుమ్మంతా లేపుకుంటూ వచ్చింది. ఎండ నేరుగా బల్లల మీద పడకుండా గుమ్మానికి కట్టిన నీలం నూలు పరదా ఒక్కసారి తెరచాపలా ఉబ్బి, కింది అంచు దగ్గర మొదలై నడుమ దాకా చిరిగింది. చిరిగిన రెండు ముక్కలూ చెరోవైపు కొట్టుకోసాగాయి. ఎండ లోపలికి వచ్చేసింది.

అప్పటికి వీర్రాజు గారు సాయంత్రపు టీకి వచ్చి ఉన్నారు. నూలుగుడ్డ ఇక్కడ ఆగదని తాను ముందే అనుకున్నానన్నారు. ఆకుపచ్చ వల దొరుకుతుందనీ, ఊళ్ళో కొట్లన్నీ అదే కడుతున్నాయనీ, దీన్ని తీసి అవతల పడేయమనీ చెప్పారు. వల కంటే పాత ఫ్లెక్సీ మేలు, అది వానకి కూడా ఆగుతుందన్నాడు ఆటో కుర్రాడు. ఏ ఫ్లెక్సీ ఎక్కడ దొరుకుతుందో కాసేపు ఇద్దరూ మాట్లాడుకుని తాతాజీ వైపు చూశారు.

తాతాజీ అప్పటికే గుమ్మం దగ్గరికి వెళ్ళి చిరుగు అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టి నలుపుతున్నాడు.

"వద్దండి," అన్నాడు. "ఇది నేను కుడతాను."

గట్టిగా అనలేదు. మామూలుగానే అన్నాడు. కడుగుతున్న గ్లాసు చేతిలో ఉండగానే నూకరత్నం తల ఎత్తింది.

వీర్రాజు గారు ఏదో అనబోయి పేపరు విప్పుకున్నారు. నూకరత్నం చెయ్యి తుడుచుకుని లేచింది. ఆమె చేతిసంచిలో సన్నసూది ఎప్పుడూ ఉంటుంది. తాతాజీ పరదా కింది అంచు విప్పి, ఆ గుడ్డలోంచే పొడుగాటి పోగులు లాగాడు. పోగు సూదిలోకి ఎక్కించడం అతని చూపుకు సాధ్యం కాదు. ఆమె ఎక్కించి ఇచ్చింది. అతను పరదాను దించలేదు. గుమ్మంలో స్టూలు వేసుకుని, చిరిగిన భాగాన్ని ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నాడు.

అది మామూలు కుట్టు కాదు. తెగిన పడుగు పోగు ఒక్కొక్కటీ వేలికొనతో వెతికి, దాని పక్కన కొత్త పోగు నిలిపి, అడ్డంగా ఒకటి కిందికీ ఒకటి పైకీ తీస్తూ అక్కడ గుడ్డను మళ్ళీ నేస్తున్నాడు. కళ్ళు సగం మూసే ఉన్నాయి. కళ్ళతో పని లేదు. గాలి వచ్చినప్పుడల్లా పరదా అతన్ని కప్పేస్తోంది, తొలగిపోతోంది. టీ పొయ్యడం నూకరత్నం చూసుకుంది. అల్లం వేసిందో యాలకులు వేసిందో ఆమెకు గుర్తులేదు, తాగినవాళ్ళూ ఏమీ అనలేదు.

ఒకసారి ఆమెను పిలిచాడు. జానెడు మేర అతికిన చోట ఆమె వేలు పెట్టించాడు.

"తెలుస్తోందా?"

ఆమె వేలితో తడిమింది. తర్వాత వంగి చూసింది. "తెలియడం లేదు," అంది.

అతని మొహంలో ఏదో వెలుగు లాంటిది కనిపించింది. మగ్గం మీద చివరి మూర నేస్తున్నప్పుడు అతని మొహం అలాగే ఉండేది. ఇంకో పోగు ఎక్కించి ఇచ్చి ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళింది. తన లోపలి ముల్లు కొంచెం కదిలినట్టు అనిపించింది ఆమెకు. రాత్రి ఇంటికి వెళ్ళాక నిదానంగా అడగాలనుకుంది, ఉప్పాడ సంగతి.

కొంతసేపటికి చూస్తే అతను గుమ్మానికి తల ఆనించి కూర్చున్నాడు. మగ్గం దగ్గర కూడా మధ్యమధ్య అలా గోడకు ఆనుకుని కళ్ళకు విశ్రాంతి ఇచ్చేవాడు. ఆమె పాలు దించింది. ఆటో కుర్రాడికి రెండో టీ పోసింది. ఒక గ్లాసు అతనికీ పోసి తీసుకెళ్ళి, పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. గ్లాసు పక్కన పెట్టి, అతని పక్కనే నేలమీద కూర్చుండిపోయింది.

వీధి చివరి డాక్టరు గారు వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, అయిపోయిందమ్మా అని చెప్పి వెళ్ళారు. మహాలక్ష్మమ్మ పూలబుట్ట వదిలేసి వచ్చి నూకరత్నాన్ని పట్టుకుంది. పొద్దున చెప్పానే, ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండవలసిందే అని మళ్ళీ మళ్ళీ అంటూ ఏడ్చింది. ఆ మాటతోనే నూకరత్నానికి చెమట సంగతి తెలిసింది.

వీధిలోవాళ్ళు చేరారు. కాకినాడలో ఉన్న కూతురు భవ్యకు ముందే అసలు సంగతి చెప్పొద్దన్నారు, చెప్పాలన్నారు. ఉప్పాడ తీసుకెళ్ళమన్నారు, అక్కడ ఇల్లే లేనప్పుడు ఎక్కడికి తీసుకెళ్తారన్నారు. తల ఎటు పెట్టాలో, దీపం ఎప్పుడు వెలిగించాలో చెప్పారు. నూకరత్నం అన్నిటికీ తల ఊపింది. బల్లలు బయట పెట్టారు. పొయ్యి ఆర్పారు. పిలిపించిన వ్యాను వచ్చి గుమ్మం ముందు ఆగింది.

వీర్రాజు గారు ఆమె దగ్గరికి వచ్చి వంగారు.

"అమ్మా, ఆ పరదా అడ్డంగా ఉంది. తీయించేద్దాం."

"వద్దండి," అంది నూకరత్నం. "అది ఆయన కుడతానన్నారు."

ఆయన తానే వెళ్ళి పరదా అంచు ఎత్తి పట్టుకున్నారు. తాతాజీని ఎత్తుకున్నవాళ్ళు దాని కిందనుంచి వంగి బయటికి వెళ్ళారు. నూకరత్నం, మహాలక్ష్మమ్మ వాళ్ళ వెనకే వ్యాను ఎక్కారు. ఆటో కుర్రాడు షట్టరు దించబోయి, పరదా నలుగుతుందని సగంలో ఆపి వెళ్ళిపోయాడు.

ఎండ ఎర్రబడింది. గాలి ఇంకా వీస్తోంది. నీలం గుడ్డలో అతుకు ఆగిన చోట సూది దిగి ఉంది. దాని వెనక వేలాడుతున్న పోగు గాలికి లేస్తూ, మళ్ళీ గుడ్డ మీద వాలుతూ ఉంది.