అవతలి ఒడ్డు కోటు

"డ్రైవర్ బాబాయ్... ఓ డ్రైవర్ బాబాయ్, ఎక్కడికి పోయావ్? పడవ నీకోసమే ఆపాం."

ముందు గదిలో కంప్యూటర్‌లోంచి నర్సక్క పిలుస్తోంది. వంటగదిలో కంచం ముందున్న బాబాయ్ గబగబా ముద్ద మింగి "వస్తున్నా" అన్నాడు, ఆవిడకి వినపడదని తెలిసి కూడా.

"మీ పడవవాళ్ళు మిమ్మల్ని తిననివ్వరు, నన్ను నేల తుడుచుకోనివ్వరు," అంది భార్య. ఆవిడ నలుగురి బట్టలూ ఇస్త్రీ చేస్తుంది. కంప్యూటర్ పక్కనే, కిటికీ కింద ఆవిడ బల్ల. "కాళ్ళ కింద దుప్పటి వేసుకోండి. నిన్న మీరు తెచ్చిన బురద ఎవరిదో తెల్ల చొక్కాకి అంటింది. మళ్ళీ ఉతుక్కోవాల్సొచ్చింది."

"నిన్నక్కడ వాన మరి."

"వానైతే గొడుగు కొనుక్కోండి. మీ ఆటలో కొట్టు పెట్టి రంగురంగులవి అమ్ముతున్నారటగా."

"ఆ కొట్లో నేను గుండీ కూడా కొనను," అన్నాడు బాబాయ్, చెయ్యి కడుక్కుంటూ.

ఎదురుగా కూర్చుని తింటున్న కూతురు తల ఎత్తలేదు. ఆ గొడుగులు గీసింది తనే.

ఆ ఆట పేరు రేవు. ఎక్కడెక్కడి మనుషులో ఎవరింట్లో వాళ్ళు కూర్చుని అందులో కలుసుకుంటారు. ఒక నది, రాతి మెట్లు, కొన్ని పడవలు, అంతే. చేపలు పడతారు, పందేలు వేసుకుంటారు, ఎక్కువసేపు కబుర్లు చెప్పుకుంటారు. నదికి అవతల ఎప్పుడూ మంచే, నిద్రలేవడానికి బద్ధకిస్తున్నట్టు పడి ఉంటుంది. మెట్ల పక్కన 'అవతలి ఒడ్డు త్వరలో' అని బోర్డు. బోర్డు పక్కన కొట్టు. బోర్డు మీద మాట ఏళ్ళుగా మారలేదు, కొట్లో సరుకు మాత్రం రోజూ మారుతుంది. టోపీలు, ఈకలు, మెరిసే చెప్పులు, తెడ్డుకి కట్టే మువ్వలు.

బాబాయ్ ఆటలోంచి లేస్తే పాదాలు తడిగా ఉంటాయి. అక్కడ ఎండ కాస్తే ఇక్కడ మెడ కమిలిపోతుంది. ఒకసారి చొక్కా జేబులో బతికున్న చేపపిల్ల దొరికితే భార్య దాన్ని సీసాలో వేసి కిటికీలో పెట్టింది, ఇంకా తిరుగుతూనే ఉంది. కళ్ళ డాక్టరు కూడా అద్దాలు మార్చి, "తడి బట్టలతో ఎక్కువసేపు కూర్చోకండి, జలుబు చేస్తుంది" అని చెప్పి పంపాడు. ఒక్కసారి మాత్రం ఆయన పడవలోంచి నీళ్ళలో పడి ఉండగా కరెంటు పోయింది. కరెంటు మళ్ళీ వచ్చి, ఆయన ఈదుకుంటూ మెట్లు చేరేదాకా కుర్చీలో నీళ్ళు కక్కుతూనే ఉన్నాడు. అప్పట్నుంచి ఆయన నదిలో ఉండగా ఇంట్లో ఎవరూ స్విచ్ జోలికి పోరు.

బస్సు నడిపినన్నాళ్ళూ ఆయనది ఒకటే రూటు. చివరి స్టాపు దగ్గర బస్సు తిప్పుకుని వచ్చేయడమే. స్టాపు తర్వాత కూడా రోడ్డు ఉండేది. చెట్ల మధ్య మలుపు తిరిగి, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నట్టు ఎటో వెళ్ళిపోయేది. ఒకరోజు సెలవు పెట్టి వెళ్ళి చూడాలి అనుకునేవాడు. ఈలోగా చూపు తగ్గింది, స్టీరింగు చేజారింది. ఇప్పుడు ఆ మలుపు ఆయనకి ఆ మంచు వెనకాల ఉంది.

కూతురికి ఆ ఆట తయారుచేసే ఆఫీసులోనే ఉద్యోగం. బొమ్మలమ్మాయి అంటారు అక్కడ. చేరిన కొత్తలో నిజంగానే అవతలి ఒడ్డు గీసేవాళ్ళతో కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే బాబాయ్ ఆ సాయంత్రం రేవులో ఎవరినీ నిద్రపోనివ్వలేదు. "మా అమ్మాయి గీస్తోంది, అవతలి ఒడ్డు మా అమ్మాయే గీస్తోంది." ఆ రోజు నుంచి పడవలో ముందు చోటు ఆయనది.

తర్వాత మేనేజరు ఆ పని ఆపేశాడు.

"ఊరు కట్టాలంటే ఏళ్ళు పడుతుంది, టోపీ వారంలో అయిపోతుంది," అన్నాడు. "ఊరు చూసి బాగుందంటారు. టోపీ చూస్తే కొంటారు." అతనేం చెడ్డవాడు కాదు. అందరి జీతాలూ గుండెల మీద పెట్టుకుని పడుకునే మనిషి. ఒడ్డు గీసేవాళ్ళ గదిలో విరిగిన కుర్చీలు చేరాయి. బొమ్మలమ్మాయి బల్ల కొట్టు వైపు జరిగింది.

ఆ సాయంత్రం తండ్రి ఎప్పట్లాగే అడిగాడు. "ఈవేళ అవతల ఏం గీశావమ్మా?"

చెప్పేద్దామనే నోరు తెరిచింది. ఆయన ముఖం చూసింది. "బస్టాపు గీశాను నాన్నా," అంది.

ఆయన కళ్ళల్లో బస్సు దీపాలు రెండూ ఒక్కసారే వెలిగాయి. "బెంచీ ఉందా?"

"ఉంది. దాని పైన రేకు కప్పు."

"వాన పడితే చప్పుడొస్తుంది," అన్నాడాయన తృప్తిగా.

మర్నాడు ఒక దీపస్తంభం. ఆ మర్నాడు కొండ, కొండ మీద ఒంటరి ఇల్లు, ఇంటి ముందు ఆరేసిన నీలం దుప్పటి. అబద్ధం ఆడటం ఇంత తేలిక అని ఆమెకి తెలీదు. తెలిశాక తన గొంతు తనకే పరాయిదైంది. మాట్లాడుతుంటే చెవులు కాలేవి, అద్దంలో జడ వేసుకునేటప్పుడు కళ్ళు జడ మీదే ఉండేవి. బాబాయ్ ఆ కబుర్లన్నీ మోసుకెళ్ళి రేవులో పంచేవాడు. డ్యూటీ దిగిన నర్సక్క, ఇంట్లో పలకరించే దిక్కులేని లెక్కల మాస్టారు, ఇంకా ఎందరో మెట్ల మీద ముడుచుకు కూర్చుని వినేవాళ్ళు.

"ఎన్ని టోపీలు మార్చుకుని ఇదే మెట్టు మీద కూర్చుంటాం బాబాయ్," అనేవాడు మాస్టారు. "ఆ బెంచీ మీద ఒక్కసారి కూర్చుంటే చాలు."

రేవులో ఎవరేం కోరుకుంటున్నారో తెలుసుకోవడానికి ఆఫీసువాళ్ళు కూడా జనంలో కలిసి కూర్చుంటారు. ఒక ఉదయం మేనేజరు హుషారుగా వచ్చాడు.

"ఎవడు పుట్టించాడో గానీ రేవంతా ఒకటే మాట. అవతల బస్టాపు ఉందట, కొండ మీద నీలం దుప్పటి ఉందట. దీన్ని వదులుకుంటామా? మంచి కోటు ఒకటి గియ్యి. వీపు మీద ఆ బస్టాపు, కొండ, దుప్పటీ అన్నీ రావాలి. పేరు 'అవతలికి వెళ్ళేవాళ్ళ కోటు'."

ఆమె కప్పు బల్ల మీద పెట్టింది. "అవతల ఏమీ లేదు కదా సార్."

"మనం ఉందనలేదుగా. కోటు అంటున్నాం."

తను ఇంట్లో తండ్రి ఒక్కడి కోసం ఆడిన అబద్ధం ఊరంతా తిరిగి, పనిగా మారి తన బల్ల మీదకే వచ్చింది. కాదనడానికి కారణం చెప్పాలి. కారణం చెప్పడానికి మొహం చెల్లలేదు. గీసింది. సిగ్గుతో గీసినా చెయ్యి మాత్రం ప్రేమగా గీసింది, అదే ఆమెకి ఇంకా సిగ్గు. రేకు కప్పు మీద వాన చుక్కలతో సహా వేసింది. తొందరలో జేబులు కూడా గీసి వదిలేశారు, అవి తెరుచుకునేలా చేసే పని ఎవరూ పెట్టుకోలేదు.

రేవులో కోటు లేనివాడు లేడు. అది కోటు కాదు, టికెట్టు అన్నారు.

ఆదివారం పొద్దున బాబాయ్ కుర్చీలోంచి లేచేసరికి ఆయన ఒంటి మీద కోటు ఉంది.

"గుండీ కూడా కొననన్నారు," అంది భార్య, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి. కోటు అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది. "బాగానే ఉంది. ఇస్త్రీ అక్కర్లేదు, అదొక సుఖం."

"కొట్టు సరుకని కాదు. నా కూతురు గీసిన ఊరు దీని మీద ఉంది," అన్నాడు బాబాయ్. వెనక్కి తిరిగి వీపు చూపించాడు. "ఇదేగా నువ్వు చెప్పిన బస్టాపు?"

"అదే నాన్నా."

"దాని తర్వాత రోడ్డు ఎటు వెళ్తుంది?"

ఆమె ఆయన వీపు మీది బస్టాపు వంక చూసింది. "అది... ఇంకా గీయలేదు."

"తొందరేం లేదులే. మేం వెళ్ళి చూసుకుంటాం." ఆయన కళ్ళజోడు తీసి మురిపెంగా జేబులో పెట్టుకోబోయాడు. కళ్ళజోడు కోటు మీదుగా జారి నేల మీద పడింది. ఒక అద్దం పగిలింది. ఆయన తెరుచుకోని జేబు మీద వేళ్ళు తిప్పి చూశాడు. పగిలిన కళ్ళజోడే పెట్టుకున్నాడు. అది కూతురికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

మధ్యాహ్నం భోజనాలు కాగానే నర్సక్క మళ్ళీ పిలిచింది. అందరూ కోట్లు వేసుకుని అవతలి ఒడ్డుకని పడవలెక్కారు. ముందు పడవలో, ముందు చోట్లో డ్రైవర్ బాబాయ్.

బొమ్మలమ్మాయి తడి దుప్పటి పిండుతూ గుమ్మంలో ఆగిపోయింది. కట్టని చోటికి ఎవరూ వెళ్ళకుండా, మంచులోకి కొంత దూరం పోయాక పడవకి చిల్లు పడేటట్టు ఆఫీసులో పెట్టారు. పడవ మునిగితే అందరూ నవ్వుకుంటూ మెట్ల మీద తేలతారు. అందరికీ అది ఆట, నాన్నకి మాత్రం ఆ నీళ్ళు నిజం.

"నాన్నా, ఇవాళ వద్దు. వెనక్కి తిప్పు."

"మంచులోకి వచ్చేశాం తల్లీ," అన్నాడాయన తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇంత దూరం ఎప్పుడూ రాలేదు."

కుర్చీ కింద దుప్పటి నానిపోయింది. నీళ్ళు ఇస్త్రీ బల్ల కాళ్ళ దాకా వచ్చాయి. భార్య బట్టల బుట్ట ఎత్తి బల్ల మీద పెట్టింది. సీసాలో చేపపిల్ల గిరగిరా తిరుగుతోంది.

"పడవలోకి నీళ్ళొస్తున్నాయి బాబాయ్," అంది నర్సక్క. "తిప్పేద్దామా?"

"ఏం కాదు, కోటు ఉందిగా. ఎదురుగా ఏదో నల్లగా కనబడుతోంది. రేకు కప్పేమో."

అది పగిలిన అద్దంలో గీత. బొమ్మలమ్మాయికి అర్థమైంది. నేల మీద నీళ్ళు చీలమండల దాకానే ఉన్నాయి గానీ ఆయన కోటు ఛాతీ దాకా తడిసింది. ఆయన దగ్గాడు. నోట్లోంచి నది నీళ్ళు వచ్చాయి.

"ఏవండీ," అంది భార్య. ఆ ఒక్క మాటే అంది. కూతురి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అన్నీ ఎప్పుడో తెలిసినట్టు ఉంది.

కూతురు పరిగెత్తి తండ్రి భుజం పట్టుకుంది. "తిప్పు నాన్నా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆయన కంప్యూటర్ ముందున్న మైకు తీసి, ఆమె చేతిలో పెట్టాడు. తడిసిన ముఖం వెలిగిపోతోంది.

"గీసినదానివి నువ్వు. అందరూ భయపడుతున్నారు. ఇంకా ఎంత దూరమో నువ్వే చెప్పు."

రేవంతా చెవులు రిక్కించింది. ఆదివారం కూడా మేనేజరు జనంలో కూర్చుని వింటాడని ఆమెకి తెలుసు. రేపు తన కుర్చీ ఏ గదిలో చేరుతుందో కూడా తెలుసు. తండ్రి కళ్ళల్లో ఆ దీపాలు తనే ఆర్పాలి. మైకు చల్లగా, చేపలా ఉంది.

"పడవలు తిప్పండి," అంది. "అవతల ఒడ్డు లేదు."

ఎవరో నవ్వబోయి ఆగారు. బాబాయ్ చెయ్యి తెడ్డు మీద ఆగింది.

"గీయడం ఎప్పుడో ఆపేశారు. మంచు వెనకాల మంచే ఉంది. నాన్నా, తిప్పు."

ఆయన ఆమెను చూశాడు.  తర్వాత, చివరి స్టాపు దగ్గర బస్సు తిప్పినట్టే, తొందర లేకుండా, వెనక చూసుకుని, పడవ తిప్పాడు. కోటు మీది తడి ఛాతీ నుంచి వేలెడు కిందికి దిగింది.

"మరి బస్టాపు?" అడిగాడు లెక్కల మాస్టారు, పొగమంచులోంచి, చిన్నపిల్లాడిలా. "మరి ఆ బెంచీ?"

"మా నాన్న రోజూ అడుగుతుంటే నోటికొచ్చింది చెప్పాను మాస్టారూ. ఆయన నమ్మారు, మీరూ నమ్మారు." ఆమె మైకు కింద పెట్టలేదు. "నేను గీసింది మీరు వేసుకున్న ఆ కోటు ఒక్కటే. దాని జేబులు కూడా తెరుచుకోవు."