కడుపులో కొట్టుకునేది

రామాంజినమ్మ చాప మీద నుంచి లేచినప్పుడల్లా కడుపు నడిమధ్యలో గట్టులాగా ఒకటి పైకి లేస్తుంది. పడుకుంటే మళ్ళీ అణిగిపోతుంది. బిడ్డ పుట్టి మూడు నెలలు దాటినా ఆమెది ఆరో నెల కడుపులాగే ఉంది. మనిషి ఎముకల గూడు, కడుపు మాత్రం ముందుకు.

పురుడు పోసిన మంత్రసాని మాబీ మొదట్లోనే చెప్పింది. "నాలుగో కాన్పు గదమ్మే, కడుపు కండ నడిమికి ఇడిపోయి రెండు పక్కలకి జరిగిండాది. సందులో నాలుగు వేళ్ళు పడతాండాయి చూడు. బరువులెత్తొద్దు, ఉరకొద్దు. లేసేటప్పుడు పక్కకి తిరిగి, చెయ్యి ఊతం పెట్టి లెయ్యి. ఊపిరి ఇడుస్తా కడుపు లోపలికి గుంజుకో. నడికట్టు ఇప్పొద్దు. నిమ్మళంగా కూడుకుంటాది."

రామాంజినమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. వెల్లకిలా పడుకుని, తల కొంచెం ఎత్తి, బొడ్డు మీద వేళ్ళు పెట్టి కొలుచుకునేది. నాలుగు వేళ్ళ సందు మూడుకు వచ్చింది. అందులో వేళ్ళు గట్టిగా ఆనిస్తే లోపల ఏదో టక్ టక్‌మని కొట్టుకునేది. మొదటిసారి హడలిపోయింది. మాబీ నవ్వి, "అది నెత్తురు పారే నరంలే. పైన కండ అడ్డం లేదు, ఒంట్లో కొవ్వు లేదు, అందుకే చేతికి తగులుతాండాది" అంది. దాంతో ఆమె భయం పోయింది. ఊరి భయం పోలేదు.

అది యాభై రెండో సంవత్సరం కరువు. గోరంట్ల దారి పొడవునా చేలు బీళ్ళయ్యాయి, జనం గంజి కేంద్రం ముందు ముంతలు పట్టుకుని నిలబడుతున్నారు. కడుపులో బిడ్డతో చచ్చిపోయినదాన్ని అట్లాగే పూడ్చితే వాన వెళ్ళిపోతుందని ఆ ఊళ్ళో నమ్మకం. కిందటి నెల ఊరి పెద్ద బాలప్ప వంక ఒడ్డున అట్లాంటి సమాధి ఒకటి తవ్వించి, ఎముకలు పొలిమేర అవతల పారేయించాడు. వాన రాలేదు. చచ్చినవాళ్ళు అయిపోయారు కాబట్టి ఇక బతికున్నవాళ్ళ వంతు వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మబ్బు మీది కోపం ఆడదాని కడుపు మీద పడింది.

"ఎర్రప్ప పెండ్లాం కడుపులో ఇంగోటి ఉండాది. ఒకటి బయట పడె, రెండోది లోపల్నే చచ్చె. నడిచే గోరీ అది" అన్నారెవరో రామాంజినమ్మను చూసి. ఆ మాట ఊరంతా తిరిగింది.

ఆమె చంటిబిడ్డతో సహా పొలిమేర దాటాలని బాలప్ప తేల్చేశాడు. ఆ ఎండలో, చుక్క నీరు లేని బీళ్ళ వెంట, ఆ కడుపుతో బిడ్డను మోసుకుంటూ, పెద్దపిల్లలు ముగ్గురూ ఉంటున్న పుట్టిల్లు చిలమత్తూరు దాకా నడిస్తే ఇద్దరూ చేరరని అందరికీ తెలుసు. మొగుడు ఎర్రప్ప కాళ్ళావేళ్ళా పడ్డాడు. చివరికి బాలప్ప, "మా యమ్మ చెయ్యి పెట్టి చూస్తాది. ఏమీ లేదంటే ఉండండి" అన్నాడు.

బాలప్ప తల్లి కదిరమ్మ మిట్టమధ్యాహ్నం వచ్చింది. మగవాళ్ళు బయట గోడ నీడన నిలబడ్డారు. మాబీ తలుపు దగ్గరికి వేసింది. రామాంజినమ్మ నడికట్టు విప్పి పడుకుంది. కదిరమ్మ వేళ్ళు ఆ సందులోకి దిగాయి. ముసలిదాని ముఖం మారిపోయింది.

"కొట్టుకుంటాండాది! చచ్చిందో బతికిందో, ఏందో ఉండాది లోపల!"

"అది నరం కదిరమ్మా" అంది మాబీ.

"నువ్వు నోరు ముయ్. నువ్వే గదా లోపల ఇడిసిపెట్టింది."

బయట బాలప్ప దగ్గాడు. రామాంజినమ్మకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. లేవబోతున్న ముసలిదాని మణికట్టు పట్టుకుంది.

"అవ్వా, పోయేముందు నువ్వు పండుకో. ఈడ్నే, నా పక్కన. నీ బొడ్డు మీద నువ్వే చెయ్యి పెట్టుకో. నీకు కాన్పులాగి ఎన్నేండ్లాయె?"

ఆ పట్టు విడిపించుకునే సత్తువ కదిరమ్మకు లేదు. తిట్టుకుంటూనే ఒరిగింది. పెద్దింటి మనిషే అయినా ఆమె కడుపూ వెన్నుకు అంటుకుపోయి ఉంది. వేళ్ళు ఆనించక ముందే బొడ్డు మీద చర్మం ఎగిరెగిరి పడటం ముగ్గురూ చూశారు. కదిరమ్మ చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"మావోడు దీన్ని చూస్తే..." అని ఆగిపోయింది. లేచి, తలుపు తీసుకుని వీధిలోకి వెళ్ళింది.

"ఏమీ లేదురా" అంది.

"ఏమీ కొట్టుకోలేదా?"

"ఆకలి కొట్టుకుంటాండాది. ఈ ఊర్లో అందరి కడుపులో కొట్టుకునేది అదే."

ఎర్రప్ప లోపలికి వచ్చి కూలబడి ఏడ్చాడు. రామాంజినమ్మ పడుకున్నచోటనే బిడ్డను గుండెకు హత్తుకుంది. గండం గడిచిందని ఒళ్ళంతా తేలికైంది. కానీ బయట మగవాళ్ళు ఇళ్ళకు పోలేదు.

"మరి వాన యాల రాలే?" అన్నాడు బాలప్ప.

అడుగులు పక్కింటి వైపు కదిలాయి. ఆ ఇంట్లో చిన్నక్క ఒక్కతే ఉంటుంది. మొగుడు పోయిన మనిషి, చలిజ్వరాలతో కడుపు ఉబ్బి మంచాన పడి ఉంది. గొళ్ళెం చప్పుడైంది.

"చిన్నక్కా, బయటికి రామ్మే."

"మనకెందుకు, తలుపేసుకుందాం" అన్నాడు ఎర్రప్ప.

తెరిచిన తలుపులోంచి కదిరమ్మ కనిపిస్తోంది. తన కడుపు మీద కొంగు సర్దుకుంటోందే గానీ కొడుకును ఆపడం లేదు. రామాంజినమ్మకు తన తేలికదనం మీద అసహ్యం పుట్టింది. బిడ్డను మొగుడి చేతికిచ్చింది. పక్కకు తిరిగి, చెయ్యి ఊతం పెట్టి, ఊపిరి వదులుతూ లేచింది. మాబీ నడికట్టు బిగించింది.

వాళ్ళు వీధిలోకి వచ్చేసరికి పక్కింటి మంచం ఖాళీగా ఉంది. పొలిమేర దారిలో దుమ్ము లేస్తోంది, ఆ దుమ్ములోంచి చిన్నక్క అరుపు వినిపిస్తోంది.

"ఉరకొద్దు మే, కడుపు మళ్ళా ఇడిపోతాది" అని మాబీ వెనకనుంచి కేకేసింది.

రామాంజినమ్మ రెండు చేతులతో కడుపు పట్టుకుని ఉరికింది.