ఒంటికి కట్టిన కెమెరా

ఏకాంబరం తీసిన పెళ్ళి క్యాసెట్లలో పెళ్ళికూతురు నడవదు, ఎగురుతుంది.

"ఏమప్పా, మా కోడలు జట్కాలో కూసోని వచ్చినట్టుండాదే! ఆ పొద్దు కాళ్ళతోనే గదా వచ్చె!" అని ఒక అత్తగారు చిత్తూరులోని స్టూడియోకి వచ్చి అందరి ముందరా అడిగింది. ఫొటోల కోసం వచ్చినవాళ్ళంతా నవ్వారు. ఏకాంబరం కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

కారణం అందరికీ తెలిసిందే. మూడేళ్ళ వయసులో వచ్చిన జ్వరం ఎడమకాలిని తీసుకుపోయింది. తొడ నుంచి మడమ దాకా రెండు ఇనుప కడ్డీలు, వాటిని కాలికి బిగించే తోలు పట్టీలు, చివర ఒక బూటు. ఆస్పత్రిలో దాన్ని క్యాలిపర్ అంటారు. అతని తల్లి మునెమ్మ మాత్రం 'ఇనపకాలు' అనేది. ఇనపకాలు మోకాలి దగ్గర వంగదు. అందుకని అడుగు వేసినప్పుడల్లా ఏకాంబరం ఒళ్ళంతా ఒకసారి పైకి లేచి కిందికి పడుతుంది. భుజం మీద ఉన్న కెమెరా కూడా దానితోపాటే లేచి పడుతుంది.

ఆ ఇంట్లో పలక పట్టిన మొదటివాడు అతనే. బి.కాం. పాసయ్యాక రెండు ఉద్యోగాలకు పిలుపు వచ్చింది. రెండు చోట్లా ముందు సర్టిఫికెట్లు చూశారు, తర్వాత కాలు చూశారు, తర్వాత ఉత్తరం రాస్తామన్నారు. ఆ ఉత్తరాలు రాలేదు. సుబ్రమణ్యం స్టూడియోలో ఫొటోలు కడగడానికి చేరాడు. ఎనభై అయిదులో సుబ్రమణ్యం వీడియో కెమెరా తెప్పించినప్పుడు, దానితోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని చదివి అర్థం చేసుకోగలిగింది ఆ స్టూడియోలో ఏకాంబరం ఒక్కడే. అట్లా కెమెరా అతని చేతికి వచ్చింది.

వచ్చాక గానీ అతనికి ఒక సంగతి తెలియలేదు. కెమెరా ఎత్తితే చాలు, జనం చూపు దాని మీదికి పోతుంది. జుట్టు సర్దుకుంటారు, పమిట సర్దుకుంటారు. ఎవరూ అతని కాలికేసి చూడరు. ఇరవై ఆరేళ్ళలో అట్లాంటి చోటు అతనికి దొరకడం అదే మొదలు.

ఒకరోజు స్టూడియోలో ఎవరూ లేనప్పుడు సుబ్రమణ్యం అతన్ని దగ్గరికి పిలిచాడు.

"సూడు ఏకాంబరం, నీ మీద నాకు కోపమేం లేదు. బెల్లం మండీ పరంధామయ్య కూతురి పెండ్లి వచ్చే నెల. ఆయప్ప మద్రాసులో ఎవరిదో క్యాసెట్టు సూసొచ్చినాడు. అందులో పెండ్లికూతురు నీళ్ళ మీద తేలినట్టు వస్తాదంట. మా పంకజాక్షికీ అట్నే తియ్యాల అంటాడు. నీతో అయితే సరే. కాకుంటే తిరుపతి నుంచి మనిషిని పిలిపిస్తా. ఆ మీదట నువ్వు కౌంటర్లో కూసో."

"ఈ ఒక్కటి నాకే ఇయ్యన్నా," అన్నాడు ఏకాంబరం.

"ఇచ్చినాను గదా. ఇదే ఆఖరిది కూడా కావచ్చు, అది గుర్తు పెట్టుకో."

అట్లా తేలినట్టు తీసే పరికరాన్ని ఏకాంబరం ఒకసారి చూశాడు. కెమెరా రిపేరుకి మద్రాసు పోయినప్పుడు ఒక వీధిలో సినిమా షూటింగు జరుగుతోంది. ఒకతను ఛాతీకి గట్టి చొక్కాలాంటిది బిగించుకున్నాడు. దాని నుంచి ఒక ఇనుప చెయ్యి ముందుకు వచ్చింది. ఆ చేతికి కెమెరా వేలాడుతోంది. అతను మెట్ల మీద పరిగెత్తాడు, కెమెరా మాత్రం ఊయల్లో పడుకున్న బిడ్డలా కదలకుండా పోయింది. ఏకాంబరం జనంలోంచి చూసినంత చూసి, బస్సులో కూర్చుని బొమ్మ గీసి పెట్టుకున్నాడు.

ఆ కాగితం తీసుకుని మిషన్ ఆస్పత్రికి పోయాడు. అక్కడ కాళ్ళూ చేతులూ తయారుచేసే షెడ్డులో రాజారత్నం ఉంటాడు. ఏకాంబరానికి పన్నెండో ఏట మొదటి క్యాలిపర్ బిగించింది ఆయనే. కాలు పొడవు పెరిగినప్పుడల్లా కొత్తది చేసిందీ ఆయనే.

"ఏమబ్బా, మళ్ళీ పట్టీ తెగిందా?"

"కాలికి కాదు మామా. కెమెరాకి."

"దానికీ పోలియో వచ్చిందా?" అన్నాడు రాజారత్నం. అంటూనే కాగితం తీసుకుని వెలుతురులోకి పోయి చాలాసేపు చూశాడు. "ఈ చేతికి రెండు మోకాళ్ళుండాయే," అన్నాడు. ఆ మాటతో ఏకాంబరానికి ధైర్యం వచ్చింది.

వెన్ను బలం లేనివాళ్ళకు రాజారత్నం కుట్టే తోలు చొక్కా ఒకటి ఏకాంబరం కొలతకు కుట్టారు. దాని ముందు అల్యూమినియం పలక. పలకకు రెండు పాత క్యాలిపర్ల మోకాలి కీళ్ళతో చేసిన చెయ్యి. ఆ చేతికి పాత బస్సులో డ్రైవరు సీటు కింది స్ప్రింగులు. చెయ్యి చివర కెమెరా నిలబడే కడ్డీ. అన్నీ కుదిరాయి గానీ కెమెరా మాత్రం ఎటో ఒకవైపు వాలిపోయేది. నాలుగు సాయంత్రాలు దానితోనే గడిచాయి. అయిదోనాడు రాజారత్నం కెమెరా నుంచి బ్యాటరీని విడదీసి, వైరు పొడిగించి, కడ్డీ అడుగున కట్టాడు. కెమెరా నిటారుగా నిలబడింది.

ఆ షెడ్డు వరండాకు పొడుగాటి సున్నపు గోడ ఉంది. కొత్తగా క్యాలిపర్ వేసుకున్నవాళ్ళ నడుముకి రాజారత్నం ఒక బొగ్గుముక్క కట్టి, ఆ గోడ వెంబడి నడిపించేవాడు. గోడ మీద పడిన గీతను బట్టి ఎక్కడ సరిచేయాలో ఆయనకు తెలిసేది. ఇప్పుడు బొగ్గుముక్కను కెమెరా కడ్డీకి కట్టాడు.

"నడువు."

మొదటి గీత రంపం పళ్ళలా వచ్చింది. స్ప్రింగులు వదులు చేశారు. నడిచాడు. బిగించారు. నడిచాడు. రాజారత్నం తడిగుడ్డతో గోడ తుడిచేవాడు, మళ్ళీ నడవమనేవాడు. మూడో వారానికి ఆ గీత, బట్టలారేసే తాడు కాస్త వదులైతే ఎట్లా ఉంటుందో అట్లా వచ్చింది. ఆ రోజు రాజారత్నం గోడ తుడవలేదు.

పెళ్ళి కార్వేటినగరం అవతల, పుత్తూరు రోడ్డులో ఉన్న పరంధామయ్య సొంత ఊళ్ళో. గుడి ముందర వీధికి అడ్డంగా పెద్ద పందిలి వేయించారు. ఏకాంబరం రెండు రోజుల ముందే పోయి, పెళ్ళికూతురు ఎటునుంచి ఎటు వస్తుందో అడుగులు లెక్కపెట్టుకుని వచ్చాడు. గుళ్ళో జరిగే పెళ్ళిళ్ళు అతను ఎప్పుడూ ఒప్పుకునేవాడు కాదు. బూటూ తోలూ లోపలికి రావు కదా. పందిలి వీధిలోనే కాబట్టి ఆ బెంగ లేదనుకున్నాడు.

పెళ్ళినాటి తెల్లవారుజామున గాలీవానా వచ్చింది. స్టూడియోవాళ్ళు చేరేసరికి పందిలి సగం నేల మీద ఉంది. తాటాకుల కింద నీళ్ళు నిలిచాయి. ముహూర్తానికి గంట కూడా లేదు. పెళ్ళి గుడి లోపల, రాతి మండపంలో అన్నారు.

స్ప్రింగులు సర్దడానికి వెంట వచ్చిన రాజారత్నం గుడి వాకిట్లో ఏకాంబరానికి చొక్కా బిగిస్తున్నాడు. పూజారి బయటికి వచ్చి చూశాడు.

"నాయనా, ఏమీ అనుకోవద్దు. తోలు లోపలికి రాదు. నేను సరేనన్నా ఊరు ఒప్పుకోదు." ఆయన చూపు కిందికి దిగింది. "ఆ బూటు కూడా."

చుట్టూ ఉన్నవాళ్ళు అప్పుడు చూశారు, ఏకాంబరం కాలికేసి.

సుబ్రమణ్యం అతన్ని పక్కకు లాగాడు. "ఒక పని సెయ్. స్టాండు మీద కెమెరా పెట్టి ఈడ్నే వాకిట్లో ఒక మూలన నిలబడు. దూరం నుంచైనా తాళి పడితే సాలు. నేను పరంధామయ్యతో మాట్లాడతా."

ఏకాంబరం స్టాండుకేసి చూశాడు. ఒక మూలన నిలబడి తీస్తే ఎవరూ ఏమీ అనరు. వాన వచ్చింది, ఎవరేం చేస్తారంటారు. వచ్చే నెల నుంచి తిరుపతి మనిషి వస్తాడు.

గుడి అరుగు మీద కూర్చున్న పెళ్ళికూతురి అవ్వ ఆదిలక్ష్మమ్మ ఇదంతా వింటూనే ఉంది.

"ఏందయ్యా మీ యవ్వారం? తోలు వొద్దంటే గుడ్డ కట్టుకోండి. నా నడుంనొప్పికి ఇరవై ఏండ్లుగా పంచెతోనే గదా బిగించేది!" అంటూ పక్కనున్న తట్టలోంచి, పెళ్ళికొడుక్కి పెట్టడానికి తెచ్చిన రెండు కొత్త పంచెల చాపు తీసి రాజారత్నం ముందు పడేసింది. "అల్లుడికి ఇంకొకటి తెస్తాంలే, కట్టు."

రాజారత్నం స్క్రూలు విప్పి పలకను తోలు నుంచి వేరు చేశాడు. పంచెను తడిపి మెలిపెట్టి, ఏకాంబరం భుజాల మీదుగా, చంకల కింద నుంచి, నడుము చుట్టూ బిగించి పలకను నిలబెట్టాడు. రోజూ విరిగిన ఎముకలకు కట్లు కట్టే చేతులవి. ఆ కట్టు కదల్లేదు.

తర్వాత ఆయన ఏకాంబరం ముఖం చూడకుండా అన్నాడు. "చాపులో ఇంకో పంచె ఉండాది."

ఏకాంబరానికి అర్థమైంది. ప్యాంటు విప్పాలి. ఇనపకాలు విప్పాలి. పన్నెండేళ్ళ వరకు తను నడిచిన నడక ఒకటుంది. ఎడమచేతిని తొడ మీద పెట్టి, మోకాలు మడతపడకుండా అదిమిపట్టి, సగం వంగి వేసే నడక. ఊళ్ళో పిల్లలు వెనకాలే వచ్చి అట్లాగే నడిచి చూపించేవాళ్ళు. ఇనపకాలు వచ్చిన రోజున, ఇంక ఈ జన్మలో ఎవరికీ ఆ నడక చూపించకూడదు అనుకున్నాడు.

"చెయ్యి ఎయ్యాల్సొస్తాది మామా," అన్నాడు.

"ఎయ్యి. కెమెరా ఇంక నీ చేతిలో లేదు గదబ్బా, నీ ఒళ్ళు మోస్తావుండాది. తిప్పేదానికి ఒక చెయ్యి సాలు. రెండోది నీదే."

లోపల మేళం మొదలైంది. ఏకాంబరం గోడ చాటుకు పోయాడు. పంచె కట్టుకుని, తొడ మీద చెయ్యి వేసుకుని బయటికి వచ్చాడు. రాజారత్నం ఇనుప చేతిని పలకకు తగిలించి, కెమెరా నిలబెట్టి, ఒక స్ప్రింగును అరచుట్టు వదులు చేశాడు.

"మెల్లగా పో. ఎంత మెల్లగా పోతే అంత మంచిది. నేనీడ్నే ఉంటా."

పెళ్ళికూతురు పంకజాక్షి గోపురం కింద నుంచి తడి రాళ్ళ మీద అడుగు పెట్టింది. ఏకాంబరం ఆమెకు పక్కగా, రెండడుగులు ముందుగా నడిచాడు. కుడిచెయ్యి కడ్డీ మీద, ఎడమచెయ్యి తొడ మీద, కన్ను కెమెరాలో. ఈసారి జనం కెమెరాను చూడటం లేదు. ఆ సంగతి చూడకుండానే అతనికి తెలుస్తోంది.

"అయ్యో, సూడే ఆ కాలు. చెరుకుగడ మాదిరి ఉండాది."

"ఊరుకో, ఇంటాడు."

విన్నాడు. మరో అడుగు వేశాడు. తొడ మీద అరచేతికి చెమట పట్టి పంచె జారుతోంది. కెమెరాలో మాత్రం పంకజాక్షి ముఖం ఉన్నచోటే ఉంది. ఆమె వెనక రాతి స్తంభాలు ఒక్కొక్కటే నిదానంగా పక్కకు పోతున్నాయి.

మండపానికి ముందు ఎత్తయిన రాతి గడప ఉంది. ఏకాంబరం ఆగిపోయాడు. దాటాలంటే ఎడమకాలిని చేత్తో ఎత్తి అవతల పెట్టాలి. చెయ్యి తీస్తే మోకాలు నిలవదు. అంతమందీ చూస్తుండగా పడితే తనూ కెమెరా ఇద్దరూ పడతారు.

పంకజాక్షి కూడా ఆగింది. వెనకనుంచి తల్లి వరలక్ష్మమ్మ భుజం మీద పొడిచింది. "నడువే, ముహూర్తం పోతావుండాది!"

"ఆయన్ని దాటనీమ్మా," అంది పంకజాక్షి, తల ఎత్తకుండానే.

ఏకాంబరం బరువంతా కుడికాలి మీద వేశాడు. కొద్దిగా వంగి, ఆ సన్నటి కాలిని పంచెతో సహా పట్టి ఎత్తి, ఒక వస్తువును పెట్టినట్టు గడప అవతల పెట్టాడు. మళ్ళీ తొడ మీద చెయ్యి వేసి అదిమాడు. కుడికాలు దాటించాడు. ఛాతీ మీద కట్టు కిర్రుమంది, స్ప్రింగులు ఒకసారి సాగి సర్దుకున్నాయి. తాళి పడేదాకా, అక్షింతలు కెమెరా అద్దానికి తగిలి రాలేదాకా అతను కన్ను తీయలేదు.

బయటికి వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. రాజారత్నం కట్టు విప్పి, తడి పంచెను పిండి మడతపెట్టాడు. సుబ్రమణ్యం వచ్చి కెమెరా తీసుకుని, టేపు వెనక్కి తిప్పి, కన్ను ఆనించాడు.

చాలాసేపు చూశాడు. ఒకసారి ఆపి, కొంచెం వెనక్కి పోయి మళ్ళీ చూశాడు.

"ఒకచోట కిందికి పోయి పైకొచ్చింది," అన్నాడు.

"గడప," అన్నాడు ఏకాంబరం.

"కత్తిరించాల్నా?"

"వొద్దన్నా."

సుబ్రమణ్యం ఇంకోసారి చూశాడు. "ఉండనీ. ఆ పాప ఆగింది గదా, బాగుండాది." కెమెరా దించి, ఏకాంబరం కాలికేసి చూసి, చూపు తిప్పుకున్నాడు. తిప్పుకున్నందుకు సిగ్గుపడ్డట్టు మళ్ళీ సూటిగానే చూశాడు. "లేయి. బంతి కూసుంటా ఉండారు, బోయినాలు తియ్యాల. శుక్రవారం పుత్తూర్లో ఇంకో పెండ్లుండాది. వాళ్ళూ గుళ్ళోనే చేస్తారంట. నువ్వు పోతావా?"

"పోతా."

సుబ్రమణ్యం వెళ్ళిపోయాడు. రాజారత్నం ఇనపకాలు తెచ్చి మెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. భోజనాలకు పోతున్న జనం ఇద్దరి పక్కనుంచే పోతున్నారు. కొందరు ఆగి చూసి పోతున్నారు. రాజారత్నం వాళ్ళకు అడ్డంగా జరిగి, గబగబా పట్టీలు బిగించసాగాడు.

ఏకాంబరం ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నిదానంగా కట్టు మామా," అన్నాడు.