నిండు గిన్నె

ఆ పిల్ల చివరికి ఏం చేసింది?

పెళ్లయిన తొలి ఏడాది నుంచీ జిపార్ మోస్తున్న సందేహం ఇది. పాలు కాస్తున్నప్పుడు, పిండి పిసుకుతున్నప్పుడు, ఒక్కోసారి నమాజులో కూడా, అల్లా క్షమించుగాక, ఆ పిల్ల వచ్చి కళ్లెదుట నిలబడేది. వంచిన తల, చేతిలో టీ గిన్నె.

ఆ వేసవిలో మందలతో కొండ మీది మేతబయలుకి వెళ్లినప్పుడు సినిమా లారీ వచ్చింది. చూడాలని ఇద్దరు తోడికోడళ్లకీ ఉంది. ఆవుల్ని పితకాల్సిందీ వాళ్లిద్దరే. పెద్దది సైరాకాన్ చెంబు లాక్కుంది. "నీ వంతు కూడా నేనే పితుకుతా, పోవే. వచ్చి కథంతా చెప్పాలి. అప్పు సుమా!"

లారీకి కట్టిన దుప్పటి మీద గుర్రాలు రాలేదు, యుద్ధం రాలేదు. ఒక కోడలు, టీ నీళ్లు కాగే ఒక సమోవార్, చుట్టూ మగవాళ్లు. గిన్నె అడుగున కాస్త పోసి ఇస్తుంది. అలా పోస్తేనే గౌరవం. తాగి మళ్లీ చాపుతారు, మళ్లీ పోయాలి. నిండా పోస్తే "తాగి లేచి పొండి" అన్నట్టే. ఏ కోడలూ చెయ్యని పని. సినిమా అంతా ఆ చేతులే. "ఇదేం బొమ్మరా! మా ఇంట్లో రోజూ చూసేదే!" అని మగవాళ్లు పడీపడీ నవ్వారు. జిపార్ నవ్వలేదు. తన చేతుల్ని ఎవరో ఇంతసేపు చూశారా అనిపించింది. తెర మీద కోడలు టీ కుండ ఎత్తి, మొదటిసారి తలెత్తి, మామగారి కళ్లలోకి చూసింది. అప్పుడే జిపార్ వెనక నుంచి అత్తగారి గొంతు. "చుట్టాలొచ్చి కూర్చున్నారు. టీ ఎవరు పోస్తారే? ఆ బొమ్మలోదొచ్చి పోస్తుందా?"

జిపార్ లేచి వెళ్లింది. ఆ సినిమా మళ్లీ ఎక్కడా ఆడలేదు. సర్కారులో పైవాళ్లకి నచ్చలేదన్నారు. కొన్నాళ్లకి భర్త శర్షెన్ అసలు అలాంటి సినిమాయే లేదన్నాడు. "పొయ్యి పొగ నీ తలకెక్కింది." సైరాకాన్ మాత్రం వదల్లేదు. పిల్లల పెళ్లిళ్లలో, చావుల్లో, ఎక్కడ ఎదురైనా చెవిలో అనేది: "అర సినిమా బాకీ ఉన్నావు, మర్చిపోకు."

మొన్న మనవరాలు మీరిమ్ చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోకి దూసుకొచ్చింది. "నానమ్మా, నీ సినిమా దొరికింది! ఏదో కొట్లో మూలన పడుందట. శుక్రవారం ఊరి క్లబ్బు హాల్లో వేస్తున్నారు!"

జిపార్ చేతిలో పిండి ముద్ద జారిపోయింది. ఉందన్నమాట! పొగ కాదన్నమాట! పెట్టె తెరిచి పెళ్లినాటి ముఖమల్ చొక్కా తీసి చూసుకుంది. ఆ రాత్రి దుఆలో ఒక్కటే అడిగింది: చివరిదాకా కూర్చోనివ్వు అల్లా.

"శుక్రవారమా? జుమ్మా నమాజు అయ్యాక మావాళ్లు వస్తారుగా" అన్నాడు శర్షెన్.

"సమోవార్ కాగి ఉంటుంది. బోర్సోక్‌లు పిండి కలిపి వేయించి పెట్టాను."

"పోసేదెవరు?"

జిపార్ తలగుడ్డ ముడి సరిచేసుకుని బయటికి నడిచింది.

క్లబ్బు నిండా ఆడవాళ్లే. "ఇది కాలానికి ముందొచ్చిన చిత్రం" అని ఒక కుర్రాడు మైకులో అంటుంటే, వెనక వరసలోంచి ఎవరో అన్నారు: "ముందేం రాలేదు నాయనా. మమ్మల్ని టీ దగ్గర ఆపేశారంతే!" హాలంతా గొల్లుమంది.

అవే చేతులు. అదే సమోవార్. కోడలు టీ కుండ ఎత్తింది. సరిగ్గా అప్పుడే చొక్కా జేబులో ఫోను వణికింది. అవతల శర్షెన్.

"ఎక్కడున్నావ్? అందరూ వచ్చి కూర్చున్నారు. పోసే దిక్కు లేదిక్కడ!"

ఎత్తిన కుండ ఎత్తినట్టే ఉంది తెర మీద. మోకాళ్లు వాటంతటవే లేవబోయాయి. రోజుకి ఐదు నమాజులు అడిగాడు దేవుడు, నెల రోజులు ఉపవాసం అడిగాడు, చేసింది. ఈ గిన్నెల్ని ఆయన ఎక్కడ అడిగాడు? అడిగితే తనకెవరూ చదివి వినిపించలేదే!

"చేతులున్నాయిగా, పోసుకోండి" అని గుసగుసగా చెప్పి ఫోను ఆపేసింది.

తెర మీద కోడలు పోస్తోంది. ఆపడం లేదు. సగం దాటింది, ముప్పాతిక దాటింది, అంచుకి వచ్చింది. నిండు గిన్నెని రెండు చేతులతో, ఎంతో వినయంగా, మామగారి ముందు పెట్టింది. ఆ తర్వాత ఇంకో గిన్నె తీసుకుని, అడుగున కాస్త, పెద్ద అతిథికి పోసినట్టు తనకు తానే పోసుకుని తాగింది. తెర నల్లబడింది.

హాల్లో కేకలు. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో ఈల వేస్తున్నారు. జిపార్ ఆగలేదు. ముఖమల్ చొక్కాలో, వయసు మర్చిపోయి, సందులో దాదాపు పరిగెత్తింది. ఇంటివైపు కాదు.

చూపు పోయి ఇంటిపట్టునే ఉంటున్న సైరాకాన్ అడుగుల చప్పుడు గుర్తుపట్టింది. "ఎవరది, బాకీదారేనా?"

జిపార్ టీ కలిపి, అంచుదాకా పోసిన గిన్నెని ఆమె అరచేతుల్లో పెట్టింది. వేడి టీ వేళ్లకి తగిలింది.

"నిండా పోశావేమే! నన్ను లేచి పొమ్మంటున్నావా?"

"నేను కాదక్కా. ఆ పిల్ల. మామగారికి!"

సైరాకాన్ నోరు తెరిచింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. టీ ఒలికి ఒళ్లో పడుతున్నా ఆగలేదు. "అమ్మ బాబోయ్! అందరి ముందే? తర్వాత? తర్వాతేం చేసింది చెప్పవే!"

"తనకి కాస్తే పోసుకుంది, అక్కా. పెద్ద అతిథికి పోసినట్టు."

సైరాకాన్ నవ్వు నెమ్మదించింది. నేల తడుముకుంటూ టీ కుండ అందుకుంది, ఇంకో గిన్నె అందుకుంది, అంచు మీద వేలు పెట్టుకుని అడుగున ఒక్క గుక్కెడు పోసి, రెండు చేతులతో జిపార్ ముందుకు చాపింది.

"తాగు. బాకీ చెల్లు."