గొంతు అరువిచ్చినవాళ్లు

ఆ గదిని మూసివేయాలని నిర్ణయించిన మనిషి ఎన్నడైనా ఆ గదిలో ఒక పూట కూర్చున్నాడా? అడిగినవారు చాలామందే. జవాబు ఇంతవరకు రాలేదు.

ఆసుపత్రి వెనుక భాగంలో, దుప్పట్లు ఉతికే గది పక్కన ఉండేది అది. నాలుగు వాలుకుర్చీలు, వాటి పక్కన నెత్తురు శుభ్రం చేసే యంత్రాలు, గోడకు ఎత్తున ఒక టీవీ. మూత్రపిండాలు చేతులెత్తేసినవారు రోజు విడిచి రోజు అక్కడికి వచ్చి, చేతికి లావాటి సూదులు గుచ్చించుకుని, ఒంట్లోని నెత్తురు గొట్టాల గుండా వెళ్లి శుభ్రపడి వచ్చేదాకా కదలకుండా కూర్చోవాలి. కిటికీ వైపు కుర్చీ పంతులమ్మది. బడిలో చరిత్ర చెప్పి చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి. భర్త పోయాక ఆమె మాటామంతీ అంతా మందుల దుకాణంతోనే. పక్క కుర్చీ కండక్టరమ్మది. బస్సులో ఈ చివర నిలబడి అరిస్తే, ఆ చివర నిద్ర నటిస్తున్నవాడు ఉలిక్కిపడి టికెట్టు తీసుకునేంతటి గొంతు ఆమెది.

ఆ ఏడాది ప్రభుత్వం ఎవరిదో పొద్దున చెప్పినవారు సాయంత్రానికి మాట మార్చుకోవలసి వచ్చేది. రాజీనామాలు, ఫిరాయింపులు, ఇచ్చిన ఉత్తర్వు సిరా ఆరకముందే రద్దు. వార్తలు మొదలైతే చాలు, కుర్చీల్లోని వారి రక్తపోటు పెరిగి యంత్రాలు కూత పెట్టేవి.

"ఇక మీకు బొమ్మే, మాట లేదు" అని నర్సు టీవీ గొంతు నొక్కేసింది.

మాట లేని బొమ్మకు మాట పోయడం కండక్టరమ్మ మొదలుపెట్టింది. నిన్నటిదాకా ఒకరినొకరు జైలుకు పంపుతామన్న నాయకులిద్దరు తెరమీద కౌగిలించుకుంటుంటే, బొంగురు గొంతుతో అందుకుంది.

"ఒరేయ్, నా చెప్పులేసుకొచ్చావేంట్రా?"

పంతులమ్మ రెండో నాయకుడైంది. "నీ పార్టీలోనే కాళ్లు పెట్టాను, చెప్పుల్లో పెడితే తప్పొచ్చిందా?"

తన నోట అలాంటి మాట వచ్చినందుకు ఆమే ముందు విస్తుపోయింది. తర్వాత కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆనాటినుంచి సూదుల రోజు కోసం ఎదురుచూడసాగింది.

ఒకనాడు మంత్రి ఒకాయన పెద్ద పటం ముందు నిలబడ్డాడు. పటం నిండా ఎర్ర చుక్కలు. ఆయన వేలు పెట్టిన చోటల్లా చుక్క ఆరిపోతోంది.

"దిగాల్సినవాళ్లు దిగండి! వెనకాల ఖాళీ బండి వస్తోంది, అందులో రండి!" కండక్టరమ్మ గొంతు వరండా దాకా మోగింది. "ఏవయ్యా పెద్దాయనా, మెట్టు మీద వేలాడకు. పడితే నా పూచీ కాదు!"

"టికెట్టు తీసుకున్నామండీ" అంది పంతులమ్మ, ప్రజలందరి తరఫునా దీనంగా.

"పోయిన ఎన్నికల టికెట్టమ్మా అది! చెల్లదు, దిగు దిగు!"

గదంతా ఘొల్లుమంది. నర్సు కూడా గోడవైపు తిరిగి నవ్వింది.

ఆ చుక్కల్లో ఒకటి ఆ గదే. చిన్న కేంద్రాలన్నీ మూసి రాజధానిలోని పెద్దాసుపత్రిలో కలుపుతున్నామనీ, అభ్యంతరాలుంటే వారంలోగా తెలపాలనీ మంత్రి ఆనాడు చెప్పాడట. గడువు దాటాక గది మూసేస్తున్నామని తలుపుకు కాగితం అంటించారు.

"మన గదిని మూస్తున్నానంటుంటే మనం నవ్వుతూ కూర్చున్నాం, కండక్టరూ."

"వినుంటే ఏడుస్తూ కూర్చునేవాళ్లం. అదేమైనా గొప్పా?" అందే గాని, కండక్టరమ్మ ఆ పూట టీవీ వైపు చూడలేదు.

పెద్దాసుపత్రిలో ఇద్దరికీ వేర్వేరు రోజులు పడ్డాయి. బస్సులో వెళ్లిరావడానికే ఒంట్లో సత్తువంతా హరించుకుపోయేది. అందుకని ఎవరింట్లో వారు టీవీకి మాట తీసేసి, ఫోను చెవిన పెట్టుకుని పాత్రలు పంచుకునేవారు. ఇంతలో కొత్త నాయకుడి ఊరేగింపు కోసం రహదారి మూశారు. కండక్టరమ్మ ఎక్కిన బస్సు సగం దారిలో వెనక్కి మళ్లింది. తప్పిపోయిన వంతుకు బదులు మరో రోజు ఇవ్వడానికి కుర్చీ ఖాళీ లేదన్నారు ఆసుపత్రివాళ్లు.

"ఇవాళ నువ్వే మొదలెట్టు, పంతులమ్మా" అని మరునాడు ఫోనులో ఆమె గొంతు పీలగా వచ్చింది. "ఒళ్లంతా నీరు పట్టేసింది. మాటకో ఆయాసం."

"ముందు ఆసుపత్రికి పోవే తల్లీ!"

"అమ్మాయి బండి కోసం వెళ్లింది. వచ్చేలోగా ఒక్కటి. చూడు, ఎవడో రిబ్బను కత్తిరిస్తున్నాడు."

పంతులమ్మ గొంతు సవరించుకుంది. "రిబ్బను నాదే, కత్తెరా నాదే! వంతెన మాత్రం పక్క పార్టీవాళ్లు కడతారు!"

అవతల చిన్న దగ్గు. నవ్వే అనుకుంది. ఇంజనీరు గొంతు పెట్టింది, ఫొటోలు తీసేవాడి గొంతు పెట్టింది, ఎండలో నిలబడ్డ జనం గొంతు పెట్టింది. ఏ గొంతుకూ బదులు రాలేదు. అయినా ఆపలేదు; ఆపితే ఏం వినవలసి వస్తుందో ఆమెకు తెలుసు.

"పెద్దమ్మా" అంది చివరికి ఫోనులో కండక్టరమ్మ కూతురు. "చాలు పెద్దమ్మా. అమ్మ వినట్లేదు."

కొన్నాళ్లకు పంతులమ్మ అభ్యంతరపత్రం పట్టుకుని ఆరోగ్యశాఖ కార్యాలయానికి వెళ్లింది. అధికారి మర్యాదస్తుడు; కుర్చీ చూపించాడు.

"టీవీలో చెప్పాం కదమ్మా. అప్పుడు మీరంతా ఏం చేస్తున్నట్టు?"

"నవ్వుతున్నాం" అంది పంతులమ్మ. "నెత్తురు యంత్రంలో ఉంది. మనిషి కుర్చీకి కట్టేసినట్టు ఉంది. చేతిలో ఆ నవ్వొక్కటే ఉంది. మీరు గదిలోకి వచ్చి చెప్పి ఉంటే వినేవాళ్లం."

అధికారి గడువు దాటిందన్నాడు. పత్రం తీసుకోలేదు.

మీ ఊళ్లోనూ ఏదో ఆసుపత్రి వెనుక అలాంటి గది ఉండే ఉంటుంది. నవ్వడం మానకండి. కాని రేపు పొద్దున వెళ్లి, దాని తలుపు తీసి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. మూసి ఉంటే, మూసినవాడి పేరు అడగండి. చెప్పేదాకా అక్కడినుంచి కదలకండి.