రేకుల కింద లెక్క

చంద్రిక డిగ్రీలో లెక్కల గ్రూపు తీసుకున్నప్పుడు ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంబరపడ్డది తాత భూమయ్యే. ఆయనకు చదువు రాదు. మెదక్ మార్కెట్‌లో వడ్ల బస్తాలు మోసీ మోసీ నడుము వంగిపోయిన మనిషి. మనవరాలు పొద్దున్నే గట్టిగా చదువుతుంటే గడప మీద కూర్చుని వినేవాడు. ముక్క అర్థమయ్యేది కాదు. అయినా వినేవాడు. ఒక్కటి మాత్రం కనిపెట్టాడు. ఏ లెక్క అయిపోయినా సరే, ఆ పిల్ల వెంటనే పుస్తకం చివరికి తిప్పి చూసుకుంటుంది.

"గదేంది బిడ్డా, దినాం ఎన్కకు తిప్పుతవు?"

"జవాబులు ఆడుంటయ్ తాత. కలిస్తె నా లెక్క కరెక్టు అన్నట్టు."

ఆ ఎండాకాలం డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పరీక్ష దగ్గరపడింది. చంద్రిక ఒకనాడు ఛాయ్ గ్లాసు ముందు పెట్టుకుని, తాతకూ నాయనమ్మ యాదవ్వకూ పాఠం చెప్పింది.

"ఛాయ్ బాగ వేడున్నప్పుడు జల్ది సల్లారుతది. సల్లారిన కొద్దీ నిమ్మలమైతది. ఛాయ్ వేడికి, అర్రల గాలి వేడికి తేడా ఎంతుంటె అంత జోరు. గంతే సూత్రం."

యాదవ్వ బీడీల చాట మీంచి తల ఎత్తలేదు. "గిది నేర్సుకోనీకి మూడేండ్లు కాలేజీకి పోవాల్నా? నేను పుట్టినకాడికెల్లి తాగుతనే ఉన్న."

"ఆఖరి లెక్క ఇను నాయనమ్మ. ఒక మనిషి సచ్చి పడున్నడు. ఒంటి వేడి సూస్తరు. గంట ఆగి మళ్ల సూస్తరు. ఏ టైముకు పాణం పోయిందో లెక్క కడ్తరు."

"పీనుగకు జరం సూసుడా? మంచిగనే ఉన్నది నీ చదువు."

భూమయ్య నవ్వలేదు. ఆ లెక్క ఆయనకు తెగ నచ్చింది. పోయినవాళ్ళ సంగతి కూడా అడిగితే చెప్పే చదువు ఒకటి ఉందన్నమాట, అది తన ఇంట్లోనే ఉందన్నమాట అనుకున్నాడు.

ఆ నెల దాటలేదు. ఒక మధ్యాహ్నం పప్పులో ఉప్పెక్కువైందని భూమయ్య కంచం పక్కకు నెట్టాడు. యాదవ్వ మాట బంద్ పెట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో అది కొత్తేం కాదు. కోపం వస్తే పొద్దుగూకేదాకా ఆమె నోరు విప్పదు. లోపలి అర్రలోకి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. కరెంటు లేదు. పైన రేకులు పెనంలా కాలుతున్నాయి.

కాసేపటికి భూమయ్య చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఛాయ్‌కి పోతున్న. నీకు తేవాల్నా?"

జవాబు లేదు.

"నీ ఇష్టం" అని బయటపడ్డాడు.

చౌరస్తా హోటల్లో ముచ్చట్లలో పడి పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. వచ్చేటప్పుడు మాత్రం స్టీలు గ్లాసులో ఛాయ్ పట్టుకొచ్చాడు. అలక తీర్చే పద్ధతి ఆయనకు అదొక్కటే తెలుసు. యాదవ్వ అలాగే ఉంది, గోడవైపే. చెయ్యి పట్టుకుంటే వేడిగానే ఉంది. వదిలితే మంచం మీద అట్లే పడిపోయింది.

కొడుకు పరశురాం ఉరికిపోయి గల్లీ చివరి డాక్టరును తీసుకొచ్చాడు. ఆయన నాడి చూశాడు, కళ్ళు తెరిచి చూశాడు. "గుండె ఆగింది. జర ముందుగాల పిలిస్తె ఏమన్న చేస్తుంటిమి" అన్నాడు. ఎప్పుడు ఆగిందని అడిగితే చెప్పలేనన్నాడు.

బయట టెంటు వేస్తున్నారు. ఆడవాళ్ళ ఏడుపు మొదలైంది. భూమయ్య మాత్రం మంచం పక్కన కదలకుండా కూర్చున్నాడు. తను అడిగినప్పుడు ఆమె అలిగి ఊరుకుందా? అప్పటికే పోయిందా? లేకపోతే నోరు పెగలక పడి ఉండి, తను "నీ ఇష్టం" అనడం విన్నదా?

కాలేజీ నుంచి వచ్చిన చంద్రిక నాయనమ్మ కాళ్ళ మీద పడి ఏడుస్తోంది. భూమయ్య ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశాడు.

"గా లెక్క చెయ్యి బిడ్డా."

"ఏ లెక్క తాత?"

"పాణం పోయిన లెక్క. జరం సూసే కడ్డి ఉన్నది గద. నేను ఛాయ్ అడిగేటాల్లకు మీ నాయనమ్మ ఉన్నదో లేదో, గదొక్కటి చెప్పు."

చంద్రిక లేచింది. నాయనమ్మ చంకలో కడ్డి పెట్టి చూసింది. తర్వాత దాన్ని విదిలించి, కాసేపు గాలిలో పట్టుకుని చూసింది. పుస్తకం తెచ్చి, పెన్ను పట్టుకుని, ఏమీ రాయకుండా కూర్చుంది.

"నడ్వదు తాత."

"ఏం నడ్వదు?"

"అర్ర సల్లగుండి ఒళ్ళు వేడిగుంటెనే గా లెక్క నడుస్తది. గీ రేకుల కింద రెండు ఒక్కతీరే ఉన్నయ్. తేడా లేకుంటె లెక్క కదలదు."

"మరి పుస్తకంల ఎట్లొచ్చింది?"

"పుస్తకంల అర్ర సల్లగుంటది తాత."

పరశురాం బిడ్డను తలుపు దగ్గరికి పిలిచాడు. గొంతు తగ్గించాననే అనుకున్నాడు.

"ఏదో ఒకటి చెప్పు. ముందుగాలనే పోయిందను."

"తప్పు లెక్క చెప్పాల్నా నాయినా?"

"ఒక్కసారికి. లేకుంటె గాయన గిట్లనే కూసొని సస్తడు."

భూమయ్యకు అంతా వినపడింది. విననట్టే కూర్చున్నాడు. ఆ పిల్ల ఆ మాట చెబితే బాగుండునని ఆయనకూ ఉంది.

చంద్రిక వచ్చి కింద కూర్చుంది. కాగితం మీద ఏవో అంకెలు వేసింది, కొట్టేసింది, మళ్ళీ వేసింది. చాలాసేపటికి తల ఎత్తకుండానే చెప్పింది.

"నువ్వడిగేటాల్లకే నాయనమ్మ లేదు తాత. నువ్వు ఆడున్నా ఏం చెయ్యలేకపోతుంటివి."

భూమయ్య తల ఊపాడు. అంతటితో ఊరుకుంటే అయిపోయేది. ఊరుకుందామనే అనుకున్నాడు.

"ఎన్కకు తిప్పి సూసినవా బిడ్డా?"

చంద్రిక ముఖం గోడవైపు తిప్పుకుంది.

పొద్దుగూకే ముందు తెచ్చిన ఛాయ్ మంచం కోడు దగ్గర అట్లాగే ఉంది. భూమయ్య ఒక చేత్తో ఆ గ్లాసు పట్టుకున్నాడు. రెండో చేత్తో యాదవ్వ చెయ్యి పట్టుకున్నాడు. రెండూ ఒక్క తీరుగానే ఉన్నాయి.