అర గ్లాసు మజ్జిగ

"ఏమ్మే త్రివేణీ, మజ్జిగకు గూడా కరువొచ్చిందా మనింట్లో?" అంది అత్త రామాంజినమ్మ, మామ చేతిలోని గ్లాసులోకి తొంగిచూసి.

"కడుపు బిగిస్తే మామకు ఊపిరాడదత్తా. కొంచెంసేపాగి ఇంకో అర గ్లాసు ఇస్తా," అన్నాను.

"వాకిట్లోకొచ్చి అడిగినోళ్ళకు గూడా అర గ్లాసు పోసి ఎరగను నేను."

చెంబెత్తి అంచుదాకా నింపింది. మామ ఎత్తబోతే గ్లాసు తొణికింది.

"మీ కొట్లాటలో... నా పంచె తాగింది... మజ్జిగంతా," అన్నాడు మామ.

మామ ఈశ్వరప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేసిన మనిషి. మగ్గం దిగినప్పుడల్లా బీడీ ముట్టించేవాడు. ఊపిరితిత్తులు పాడయ్యాక, ఆసుపత్రివాళ్ళు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టించారు. గుండీ తిప్పితే ఆక్సిజన్ పెరిగి, అంకెలున్న గాజు గొట్టంలో చిన్న బంతి లేస్తుంది. అది ఒకటి దాటకూడదని, వేలికి పెట్టే క్లిప్పులో ఆక్సిజన్ తొంభై చూపిస్తే చాలని డాక్టరమ్మ చెప్పింది.

ఆ మజ్జిగ గొడవ తర్వాత మామ బాగా నిద్రపోసాగాడు. క్లిప్పు తొంభై ఎనిమిది చూపించింది.

"సూడు, ముఖం ఎట్ల కళొచ్చిందో," అని అత్త మురిసింది. నా భర్త ఓబిలేష్ కూడా సంతోషించాడు. నాకే మనసొప్పలేదు. మామ నిద్ర లేవగానే తలనొప్పి అంటున్నాడు. కూరలో ఉప్పు తక్కువైనా నన్ను ఒక్క మాట అనడం లేదు.

ఒక మధ్యాహ్నం ముద్ద చేతిలో ఉండగానే కునికాడు. కుదిపితే నన్నెవరో అన్నట్టు చూసి మళ్ళీ కళ్ళు మూశాడు. మిషన్ వైపు చూశాను. బంతి నాలుగు మీద ఉంది.

"నేనే తిప్పినా," అంది అత్త. "ఐదుదాకా ఉండే దాంట్లో ఒకటే ఇస్తే అది ఇచ్చినట్లేనా?"

డాక్టరమ్మకు ఫోన్ చేశాం. "పూర్తిగా ఆపొద్దు. ఒకటికి తగ్గించి వెంటనే తీసుకురండి," అంది.

ఆసుపత్రిలో ముఖానికి మాస్కు బిగించి, మిషన్‌తో ఊపిరి ఆడించారు. మామకు తెలివొచ్చాక డాక్టరమ్మ అత్తను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ అనే చెడుగాలి పెరిగితే, మెదడు 'ఊపిరి తియ్యి' అని తరుముతుందమ్మా. ఈయన మెదడుకు అది ఏళ్ళుగా అలవాటైపోయి, అంతగా తరమదు. మంచిగాలి తక్కువైందన్న హెచ్చరిక కూడా ఈయనకు కొంత కావాలి. మీరు నిండా ఇచ్చేసరికి ఆ హెచ్చరిక తగ్గింది. చెడుగాలి పేరుకుని మత్తులోకి లాగింది. ఇంకా కారణాలున్నాయి గానీ, ఇది గుర్తుంటే చాలు."

ఇంటికొచ్చాక ఓబిలేష్ గుండీ కదలకుండా టేపు చుట్టేశాడు. అత్త ఆ గదిలోకి పోవడమే మానేసింది. మామ పిలిస్తే వాకిట్లోంచే పలికేది.

ఆదివారం అందరం సంగటి ముందు కూర్చున్నాం. గొట్టం ముక్కుకు ఉంచుకునే మామ వచ్చాడు.

"నాయనా, మిషన్ సూసుకునేకి ఒక నర్సును పెడతాండా," అన్నాడు ఓబిలేష్.

అత్త చెంబు తీసుకుని మామ గ్లాసులో మజ్జిగ పోసింది. సగానికి రాగానే ఆపి, ఆయన ముఖం చూడకుండా పక్కకు జరిగింది.

మామ ఆ గ్లాసును కాసేపు చూశాడు.

"నర్సు వద్దు. ఆ టేపు పీకెయ్, ఓబిలేషూ."

"మళ్ళా అమ్మ తిప్పితే?"

"నా మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టిన చెయ్యిరా అది... ఒక పోగు తెంపలే. అప్పుడు తెలీక తిప్పింది... ఇప్పుడు తెల్సు." ఊపిరి అందుకుని, గ్లాసెత్తాడు. "మిషన్ మీ అమ్మే సూసుకుంటాది."